రామ్మోహన్ అంకుల్ బ్యాట్ అంచు

తడిసిన పీచు చాపను పిచ్‌గా గడ్డి మీద పరిచేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఇప్పుడు నేనుంటున్న ఆష్‌బర్న్‌లో శనివారం ఉదయం మా క్రికెట్ ఆ వాసనతోనే మొదలవుతుంది. ముందురోజు వాన కురిసి ఉంటే అది ఇంకా ఘాటుగా తగులుతుంది. చాప అంచులకు మేకులు కొట్టడానికి వంగిన ప్రతిసారీ నాకు ఈ దేశంలో మేం మొదట దిగిన పార్సిప్పనీ గుర్తొస్తుంది. అక్కడ నన్ను మైదానంలోకి లాక్కెళ్లిన రామ్మోహన్ అంకుల్ గుర్తొస్తారు. ఆయన మాకు బంధువు కాదు, మా ఊరివారూ కాదు. అయినా మా ఇంట్లో ఎవరూ నేర్పలేనిది నాకు ఆయనే నేర్పారు.

మాది ఒకప్పుడు పేరున్న కుటుంబం. మా తాత అరుగు మీద కూర్చుని చెప్పిన తీర్పుకు చుట్టుపక్కల ఎదురుండేది కాదట. అలాంటి మనిషి ఒక కాలువగట్టు కోసం సొంత తమ్ముడి మీదే దావా వేశాడు. పొరపాటు తనదేనని మధ్యలోనే తెలిసినా వెనక్కి తగ్గలేదు. పొలాలూ ఇల్లూ ఆ దావాలోనే కరిగిపోయాయి. నాన్న ఈ కథను నష్టంగా చెప్పేవాడు కాదు, పరువుగా చెప్పేవాడు. నేనూ అలాగే విన్నాను. నా పదహారో ఏట, నాన్న ఉద్యోగం వల్ల పార్సిప్పనీలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కి వచ్చినప్పుడు మా వెంట వచ్చిన ఆస్తి ఆ పరువొక్కటే. అందరూ వాడే లాండ్రీ గదిలో వరుసలో నిలబడడం కూడా నాకు తలవంపుగానే అనిపించేది.

రామ్మోహన్ అంకుల్ని మొదట చూసింది ఆ గదిలోనే. మా పై వాటాలో ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి, ఏదో కంపెనీలో టెస్టింగ్ పని. బొద్దుగా, మోకాలికి పట్టీతో, బట్టల బుట్ట పట్టుకుని వచ్చారు. నా వంతు వచ్చినా అడగడం చిన్నతనమనుకుని నేను గోడ పక్కన బిగుసుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి, "ఏం దొరా, బట్టలు నువ్వే వేస్తవా, మనుషుల్ని పంపిస్తవా?" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు అదే. వాళ్ల వైపు ఆ మాట ఉత్త మెచ్చుకోలు కాదని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. అప్పుడు మాత్రం కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ శనివారానికల్లా ఆ దొర చేతే ఐస్ బాక్స్ మోయించి కారెక్కించారు.

ఆయన గోంగూర వారియర్స్ అనే జట్టుకి కెప్టెన్. పేరులో ఉన్న పులుపు ఆటలో ఉండేది కాదు. ఆ లీగులో ఒక ఆనవాయితీ ఉండేది. బయటి అంపైర్లు దొరకరు కాబట్టి, బ్యాటింగ్ చేసే జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడాలి. తమవాళ్లను తామే అవుటివ్వాలి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. నాకు బ్యాటింగ్ రాదని తేలాక అంకుల్ నా తల మీద తెల్లటోపీ పెట్టి, "గట్ల నిటారుగ నిలబడుతవు గద, అంపైర్ లెక్కనే ఉన్నవ్. కొట్టుడు మేం చూస్కుంటం" అన్నారు. నా నిటారు వీపును చూసి ఎవరైనా సంతోషించడం అదే మొదటిసారి.

మొదటి మ్యాచ్‌లోనే నేను ఆయన్నే రనౌట్ ఇచ్చాను. క్రీజుకు జానెడు దూరంలో ఆయన పొట్ట మీద పడి జారుతున్నారు. జట్టులో సురేష్ అన్న మండిపడ్డాడు, మనోడే మనల్ని అవుటిస్తే ఇక వేరే శత్రువులెందుకని. అంకుల్ మాత్రం గడ్డి దులుపుకుంటూ నవ్వారు. ఈ దొరకు చుట్టరికాల్లేవని మధ్యాహ్నం దాకా అందరికీ చెప్పుకున్నారు. పులిహోర ట్రేలో జీడిపప్పులన్నీ ఏరి నా ప్లేటులో వేశారు. ఆ వేసవి గడిచేసరికి ఎదుటి జట్లు కూడా ఆ పొడుగు పిల్లాడు ఉన్నాడా అని అడిగేవి. మా తాత అరుగు మళ్లీ దొరికినట్టు నేను లోలోపల పొంగిపోయేవాణ్ని.

అలాంటి పేరు సెమీఫైనల్లో పోయింది. ఆవకాయ్ ఎలెవెన్ మీద ఆట చివరికి వచ్చింది. అంకుల్ బ్యాటింగ్, నేను అంపైర్. బంతి ఆయన బ్యాట్‌ను దాటి కీపర్ చేతిలో పడింది. అందరూ అరిచారు. టెన్నిస్ బంతికి చప్పుడు తక్కువ, పైగా గాలి. నాకేమీ వినపడలేదు, నాటౌట్ అన్నాను. అంకుల్ ఒక్క క్షణం బ్యాట్ అంచు చూసుకుని తల దించుకున్నారు. తర్వాతి బంతిని ఫోర్ కొట్టారు. మేం మొదటిసారి ఫైనల్‌కి వెళ్లాం. చేతులు కలిపేటప్పుడు వాళ్ల బౌలర్ నా చెయ్యి పట్టుకోలేదు. "ఇంటి అంపైర్ కదా, ఇంకేం చెప్తాడు" అని పక్కవాడితో అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మాకు మిగిలిన ఒక్క ఆస్తినీ ఎవరో చిల్లరగా విసిరేసినట్టనిపించింది. ఎవడేమన్నా మాట మార్చొద్దని నాన్న చెప్పాడు. మార్చే ప్రసక్తే లేదన్నాను. గురువారం సాయంత్రం అంకుల్ తలుపు కొట్టి, ఒక చోటికి పోదాం రమ్మన్నారు. తీసుకెళ్లింది ఆవకాయ్ ఎలెవెన్ ప్రాక్టీస్ దగ్గరికి. అందరినీ పిలిచి, మధ్యలో నిలబడి చెప్పారు.

"బాల్ నా బ్యాట్‌కు తాకింది. నాకు తెలుసు. ఈ పోరడికి తెల్వదు. ఫైనల్ మీరే ఆడుర్రి."

వారమంతా నేను రొమ్ము విరుచుకుని సమర్థించుకున్న తీర్పు తప్పని ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"నీకు సపరేట్‌గ చెప్పాలె, బిడ్డా. తప్పు నాది. నా వల్ల నీ పేరు ఖరాబైంది."

ఆ వయసు మనిషి నా వయసువాడితో అలా అనడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత 'కానీ' వస్తుందని ఎదురుచూశాను. మా ఇంట్లో ఎవరైనా తగ్గినట్టు కనిపిస్తే వెనకే ఆ 'కానీ' వచ్చేది. రాలేదు. ఆ రోజే చెప్పి ఉండాల్సిందని బిగుసుకుని అన్నాను. ఔను, చెప్పాల్సిందే అన్నారు. పోట్లాడడానికి నాకింక ఏమీ మిగల్లేదు. "ఐస్‌క్రీమ్ ఇప్పుడు తింటవా, కోపం అయినంక తింటవా?" అని అడిగారు. రెండూ ఒకేసారి కానిస్తానన్నాను. స్టీరింగ్ మీద చరుస్తూ నవ్వారు.

మా జట్టు ఆయన మీద భగ్గుమంది. జట్టు కంటే ఎక్కువైందా నీకు అని సురేష్ అన్న కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆయన ఎవరితోనూ వాదించలేదు, కెప్టెన్సీ కూడా అడక్కముందే వదిలేశారు. అయితే ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. ఫైనల్‌కి ఆ అబ్బాయినే అంపైర్‌గా పంపమని ఆవకాయ్ కెప్టెన్ ఫోన్ చేశాడు. వాళ్లతో ఆడబోయే పిస్కాటవే ఊరి స్టూడెంట్ల జట్టువాళ్లూ సరేనన్నారు. ఏ జట్టుకీ చెందని అంపైర్ ఆ లీగులో అదే మొదలు.

ఆ రోజు అంకుల్ గట్టు మీద మడత కుర్చీ వేసుకుని, దొర తీర్పు చూడండహో అని వచ్చేపోయేవాళ్లను పిలుస్తున్నారు. ఆట సగంలో ఒక ఆవకాయ్ బ్యాట్స్‌మన్‌ని కీపర్ క్యాచ్‌కి అవుటిచ్చాను. వేలు ఎత్తాక కీపర్ ముఖం చూశాను. వాడు ఎగరడం లేదు, తల దించుకుని గ్లవ్స్ చూసుకుంటున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. దగ్గరికి వెళ్లి, నిజంగా పట్టావా అని అడిగాను. నేలకు తగిలినట్టే ఉందన్నాడు, గొంతులో గొణుక్కుంటూ. బ్యాట్స్‌మన్ అప్పటికి బౌండరీ దగ్గర ఉన్నాడు. అందరూ చూస్తున్నారు. మా వంశంలో ఎవరూ చెప్పని మాట నా నోట్లో అడ్డం తిరిగింది.

"వెనక్కి రండి. తప్పు నాదే. నాటౌట్."

అందరికంటే ముందుగా చప్పట్లు కొట్టింది, సెమీఫైనల్లో నా చెయ్యి పట్టుకోని బౌలరే. గట్టు మీద అంకుల్ కుర్చీతో సహా వెనక్కి పడ్డారని అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చూడలేదు, నా కళ్ల నిండా నీళ్లు. అవి అవమానానివి కావని మాత్రం తెలుసు.

అంకుల్ ఇప్పుడు డాలస్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాలు మార్పించుకున్నారు, మనవరాలి బౌలింగ్‌లో రోజూ అవుటవుతున్నారట. నేను ఆష్‌బర్న్‌లో శనివారాలు అంపైరింగ్ చేస్తూనే ఉన్నాను. మొన్న ఒక కొత్త కుర్రాణ్ని తొందరపడి రనౌట్ ఇచ్చి, వెంటనే పొరపాటు తెలిసి వెనక్కి పిలిచాను. తప్పు నాదే అన్నాను, అక్కడితో ఆపేశాను. వాడు వింతగా చూసి మళ్లీ క్రీజులోకి వచ్చి గార్డ్ తీసుకున్నాడు. మా ఇంట్లో ఒక తప్పును మూడు తరాలు మోశాం. దాన్ని దించుకోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఇప్పుడు తెలుసు. బౌలర్ వెనక్కి తన రనప్ గుర్తు దాకా నడిచి వెళ్లేంతసేపు. అతను తిరిగి పరుగు మొదలుపెట్టేసరికి ఆట సాగుతూనే ఉంటుంది.