రాజుగారి చుట్టం

సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇంజనీరుగా పనిచేసే హ్యూగోకి ఒక్కచోట కాలు నిలవదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొస్తాడు. తల్లి వైపు నుంచి అతను ఇంగ్లండు రాజుగారికి దూరపు చుట్టం. టీవీలో ఆ కుటుంబం కనిపిస్తే చాలు, ఛానల్ మార్చేస్తాడు. ఈ చుట్టరికం సంగతి భార్య నిఖిల కూతురితో అంది. తొమ్మిదేళ్ళ వర్షిత అది క్లాసులో చెప్పేసింది. టీచరు నమ్మలేదు, అబద్ధం చెప్పినందుకు అందరి ముందూ సారీ చెప్పించింది.

పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. హ్యూగో సాయంత్రమంతా ఫ్లాటులో పచార్లు చేశాడు.

"నలుగురికీ తెలిస్తే నన్ను వింతగా చూస్తారు, నిఖిలా."

"పిల్లని అబద్ధాలకోరంటే ఫరవాలేదా?"

మర్నాడు ఉదయం బడికి వెళ్ళి, వేలి ఉంగరం తిప్పుకుంటూ, క్లాసు ముందు నిలబడి చెప్పాడు: "మా అమ్మాయి చెప్పింది నిజం." టీచరు నొచ్చుకుని వర్షితకి సారీ చెప్పింది.

గేటు దాకా వచ్చి వర్షిత అడిగింది: "సో, నువ్వు ప్రిన్స్‌వా డాడీ?"

"కాదమ్మా," అన్నాడు హ్యూగో, భార్య దగ్గర నేర్చుకున్న తెలుగులో. "పెళ్ళిళ్ళకి పిలవని చుట్టాన్ని."

"మరి నీ పెళ్ళికి వాళ్ళని పిలిచావా?"

ఆ మాట ఇన్నేళ్ళలో అతనికి ఒక్కసారీ తట్టలేదు.