దగ్గుల ఆసుపత్రి

తమ్ముడు ఊరికే ఏదన్నా ఇచ్చాడంటే, అంతకుముందే ఏదో పగలగొట్టి ఉంటాడు. ఇది అక్క సిద్ధాంతం. ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానెయ్యండి, వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఊరా, అక్కా? చిన్నప్పుడు వాడు ఆవిడకి గాజులు తెచ్చిచ్చిన రోజు, ఆవిడ పలక రెండు ముక్కలై మంచం కింద దొరికింది. జడపిన్నులు తెచ్చిన రోజు గోడ గడియారం ఆగిపోయింది. అప్పట్నుంచీ వాడి చేతిలో పొట్లం కనపడితే చాలు, ముందు ఇల్లంతా వెతుక్కునేది, ఆ తర్వాతే పొట్లం విప్పేది.

అలాంటివాడు పెద్దయ్యాక అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డులో ఒక పాత ప్రెస్సు మిషను పెట్టుకుని, లారీలకి బ్రేకు లైనింగులు, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీలు, చెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి పనివాడు ఎవరు? ఇంకెవరు, బావే, అక్క మొగుడు. కాల్చిన లైనింగుల్ని తిరిగే సానరాయికి ఆనించి నునుపు చేసేవాడు. బూడిదరంగు పొడి గుప్పున లేచి కనుబొమల మీద పేరుకునేది. తమ్ముడు మాత్రం తక్కువ తిన్నాడా? మిషను పక్కనే పడుకున్నాడు, లారీ షెడ్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. షెడ్డు ఫ్యాక్టరీ అయింది, పిలుపు మాత్రం షెడ్డే. సగం ఊరికి అదే అన్నం.

ఇక ఇవ్వడం మొదలైంది. బడి కట్టించాడు. వీధివీధికీ కుళాయిలు వేయించాడు. లైబ్రరీ పెట్టించాడు. ఊరు ఆయన్ని దాతగారూ అని పిలిచింది. అక్క మాత్రం ప్రతిసారీ అదే పాట. “బడి సరే, ఏం పగిలింది?”

పక్కింటావిడ పడీపడీ నవ్వేది. “అనుమానం పెనుభూతమండీ అక్కగారూ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకండి.”

నిజమే కదా అని అక్క కూడా లెంపలేసుకునేది. అయినా మనసు ఊరుకుంటేనా!

ఈసారి ఆసుపత్రి. ఆడవాళ్ళంతా కట్టగట్టుకుని వెళ్ళి కాన్పుల ఆసుపత్రి అడిగారు. ఆయన సరేనని నవ్వి పంపించి, ఊపిరితిత్తుల ఆసుపత్రి కట్టించాడు. ఎందుకూ? అక్కకి అన్నం సహించలేదు. బావకి రెండేళ్ళుగా పొడి దగ్గు. సిగరెట్టు ముట్టని మనిషి, మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోతున్నాడు. “చలిగాలి బావా, అంతే” అంటూ తమ్ముడు దగ్గుమందు పెట్టెలతో పంపేవాడు. అదిగో, అదీ ఊరికే ఇచ్చిందే! పైగా వచ్చే సోమవారం చిన్నోడు, అంటే అక్క ఒక్కగానొక్క కొడుకు, అదే షెడ్డులో చేరబోతున్నాడు. ఆ లోపల ఈ సంగతేదో తేలాలి, తేలకపోతే కొడుకుని గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

ఇంకోటి కూడా ఆవిణ్ణి తొలుస్తోంది. షెడ్డు వాళ్ళకి కంపెనీ కోటు ఇస్తారు. దాన్ని ఇంటిదాకా వేసుకురావడం ఒక దర్జా. ఆ కోటు చూసి పిల్లనిచ్చినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు వాటిని పెరట్లో టపటపా దులిపి, దులిపిన చేతుల్తోనే ముఖం తుడుచుకుని, ఉతికి ఆరేసేవాళ్ళు. తమ్ముడు మాత్రం ఏనాడూ అలా ఇంటికెళ్ళలేదు. ఆఫీసులోనే తలంటుకుని, బట్టలు మార్చుకుని మరీ వెళ్ళేవాడు. “డబ్బొచ్చింది, షోకులొచ్చాయి” అని అక్క ఎగతాళి చేసేది. ఆయన పిల్లలు షెడ్డు గుమ్మం తొక్కింది కూడా ఎవరూ చూడలేదు.

ప్రారంభం రోజు బయట జనం కుర్చీల్లో సర్దుకుంటుంటే, తమ్ముడు అక్కకి ఒక్కదానికే వార్డు చూపించాడు. కొత్త రంగు వాసన, తెల్లటి మంచాలు.

“ఊరు కాన్పుల ఆసుపత్రి అడిగితే నువ్వు దగ్గుల ఆసుపత్రి కట్టావేంట్రా?”

“అదీ కడదాంలే అక్కా.”

“నేనడిగింది అది కాదు.”

తమ్ముడు ఆవిణ్ణి కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళి, దుప్పటి సర్దాడు. “ఇక్కడ గాలి బాగా ఆడుతుంది. ఇది బావకి అట్టే పెట్టమన్నాను.”

ప్రేమగానే అన్నాడు, పాపిష్టివాడు! బావకి మంచం కావాలని ఏ డాక్టరూ చెప్పలేదు. అసలు బావ డాక్టరు దగ్గరికే వెళ్ళలేదు. అక్క ఆ మంచం మీద కూర్చోబోయి, ఛీ అనుకుని పక్కకి జరిగింది.

“ఆ పొడేనా?”

తమ్ముడు తలూపాడు.

“ఎప్పుడు తెలిసింది?”

“చాలా ఏళ్ళయింది. పొడి లాగేసే మిషను పెట్టిద్దామనే అనుకున్నానక్కా. ఈ ఆర్డరు అయ్యాక, ఆ ఆర్డరు అయ్యాక అని... షెడ్డు మూస్తే ఊరు పస్తులుంటుంది.”

“అందుకని నువ్వొక్కడివీ స్నానం చేసి ఇంటికెళ్ళావు.”

“చిన్నోడి గురించి దిగులు పడకు. వాణ్ణి ఆఫీసులో కూర్చోబెడతాను.”

“నా కొడుకు నీ గేటు తొక్కడు. మరి మిగతా తల్లుల పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావురా?”

ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. “అక్కా, బయట అందరూ ఉన్నారు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

అక్క చెయ్యి విదిలించుకుని బయటికొచ్చింది. పెద్దావిడ కదా అని రిబ్బను కత్తిరించే కత్తెర ఆవిడకే ఇచ్చారు. ఫోటో తీసేవాడు ఇటు చూడమన్నాడు. ముందు వరసలో షెడ్డు మనుషులు కంపెనీ కోట్లలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ వెనక పెళ్ళాలు. అక్క కత్తెర బల్ల మీద పెట్టి మైకు దగ్గరికెళ్ళింది.

“రిబ్బను తర్వాత. షెడ్డులో సాన పట్టేవాళ్ళూ, వాళ్ళ కోట్లు ఉతికేవాళ్ళూ ముందు లోపలికెళ్ళి డాక్టరుకి చూపించుకోండి. ఆ పొడి ఏం చేస్తుందో మా తమ్ముడికి ఎప్పుడో తెలుసు. ఈ మంచాలు మీ కోసమే వేయించాడు.”

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు, అందరూ దాతగారి ముఖంకేసి చూస్తున్నారు. ఆయన కాదనలేదు. అప్పుడు ముందు వరసలోంచి కుర్చీ పట్టుకుని బావ లేచాడు.