బకిల్ మీద కుట్టు

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం వచ్చేది కాదు. సిరిసిల్ల వైపు నుంచి మా నాయన మగ్గం పనికని సూరత్‌కు తెచ్చినప్పుడు నన్ను బడిలో వేయలేదు. వేసినా అక్కడ చెప్పేది గుజరాతీ. పెళ్లయ్యాక చేతికి సూది వచ్చింది గాని బలపం రాలేదు. నానమ్మనయ్యాకే, లింబాయత్‌లో మా గుడి వెనక గదిలో, ఒక బ్యాంకు ఉద్యోగి భార్య మాలాంటి వాళ్లను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది.

పోయిన వారం మా గల్లీలో తీగ తెగితే కరెంటు పనివాళ్లు వచ్చారు. నేనూ, రోజూ సాయంత్రం టీకి వచ్చే మా మరిదీ గడప ముందు కూర్చుని చూస్తున్నాం. ఒకడు భుజాల మీదుగా, తొడల చుట్టూ వచ్చే కొత్తరకం బెల్టు తొడుక్కుని స్తంభం పక్కన నిలబడ్డాడు, ఇంకొకడు ఫోన్‌తో ఫోటో తీశాడు; తర్వాత అదే బెల్టు విప్పి రెండోవాడు తొడుక్కున్నాడు, వాడూ ఫోటో దిగి, విప్పి, సంచిలో పడేశాడు. ఇద్దరూ ఉత్త నడుములతో పైకెక్కారు. మా మరిది కుడి డొక్క మీద చేయి పెట్టుకున్నాడు. ఆ చేయి అక్కడికి ఎందుకు పోయిందో నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజుల్లో నేను ఖటోదరాలో ఒక చిన్న కార్ఖానాలో స్తంభాలెక్కే వాళ్లకు నడుము బెల్టులు కుట్టేదాన్ని. నైలాను పట్టీ మందం, నూనె పట్టించిన దారం, మిషన్ మీద గంటసేపు కూర్చుంటే చేతులు భుజాల దాకా గుంజేవి. మా ఆయన మరమగ్గం వదిలేసి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని, మా వైపు మేస్త్రీ ఒకాయన దగ్గర స్తంభాలెక్కే పనిలో చేరాడు. నేను కుట్టిన బెల్టులు లారీల్లో ఎక్కడెక్కడికో పోయేవి, మా ఆయన మాత్రం నడుముకు తాడు ముక్కైనా లేకుండా ఎక్కేవాడు. పొద్దున గిన్నె కట్టి పంపినప్పటి నుంచి సాయంత్రం చెప్పుల చప్పుడు వినేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

సరుకు పంపేముందు పెరట్లోని ఇనుప దూలానికి ఒక బెల్టు కట్టి ఇసుక బస్తా వేలాడదీసి చూడడం మా దగ్గర పద్ధతి. ఒకసారి కొనడానికి వచ్చినవాళ్లు, బస్తాను చూస్తే ఏం తెలుస్తుంది, మనిషిని వేలాడదీయండి అన్నారు. సేఠ్ మమ్మల్నందరినీ పైనుంచి కిందికి చూసి, బక్కగా ఉన్న నన్ను చూపించాడు. నేను ఒక్కటే అడిగాను, మా ఆయనకో బెల్టు ఇస్తారా అని. సేఠ్ నవ్వి, "లటకీ జావ్ బెన్, బెల్ట్ తమారో" అన్నాడు. వేలాడితే బెల్టు నీదేనని.

వేలాడాను. వాళ్లు నా కింద కుర్చీలు వేసుకుని టీ తాగారు, రేట్లు మాట్లాడుకున్నారు, మళ్లీ టీ తాగారు. పట్టీ నడుము దాటి పక్కటెముకల్లోకి ఎక్కింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో దూలం అందుకోబోతే, "చేయి తీయ్, బెల్టు బలం ఎట్ల తెలుస్తది" అని మా సూపర్‌వైజర్ కసిరాడు. నా పక్క మిషన్ ఆమె, "జర కాళ్లూపవే, సేఠ్‌కు గాలొస్తది!" అని అరిస్తే అందరూ విరగబడి నవ్వారు; నేనూ నవ్వబోయాను గాని ఊపిరి అందలేదు. కొనేవాళ్లను గేటు దాకా సాగనంపడానికి పోయిన సేఠ్ అక్కడే మాటల్లో పడి, నన్ను దింపమని చెప్పడం మరిచాడు. ఆ పూట మిషన్ ఆగిందని కూలి కూడా కోశారు. కాని బెల్టు ఇచ్చాడు. ఇంకా గట్టిగా ఉండాలని మరో వరస కుట్టి, నల్లదారం అయిపోతే చివరి కుట్టు తెల్లదారంతో వేసి, ఇంటికి తెచ్చి మా ఆయన నడుముకు నేనే కట్టాను.

మర్నాడు మేస్త్రీ కళ్లు దాని మీద పడ్డాయి. "గిది మంచిగున్నదిరో, ఇటియ్యి. పోరగాండ్లందరికీ ఫోటోలు దీయాలె" అన్నాడట. పైవాళ్లకు ప్రతి మనిషీ బెల్టుతో ఉన్న ఫోటో కావాలి. బెల్టు కట్టుకుని ఎక్కితే కొక్కెం వేస్తూ తీస్తూ పని సాగదని మేస్త్రీ లెక్క. ఒక్కొక్కరే నేలమీద నిలబడి, నేను వేలాడి తెచ్చిన బెల్టు కట్టుకుని ఫోటో దిగారు, ఆపైన అది జీపులోకి పోయింది. తిరిగి అడుక్కురమ్మని పోరితే, "మనోడే గదనే, ఎట్ల అడగాలె? ఫోటోల మాత్రం అందరికంటే నేనే బాగున్న" అని నవ్వాడు మా ఆయన.

వాన వెలిసిన ఒక పొద్దున ఆయన పడిపోయాడు. బెల్టు జీపులోనే ఉంది.

కర్మ ముగిసిన రోజు మేస్త్రీ ఫోటోల కట్టతో మా ఇంటికొచ్చాడు. "సూడు చెల్లె, బెల్టు కట్టుకోని ఎట్ల నవ్వుతున్నడో. మేము ఇచ్చినం, ఆయనే ఇప్పేసిండు. మేమేం జేస్తం?" అన్నాడు. నేను మిగిలిన ఫోటోలు కూడా తిరగేశాను. ప్రతి మనిషి నడుము మీదా అదే తెల్లకుట్టు.

"గిది నేను కుట్టింది అన్నా. అందరి మీద ఇదొక్కటే ఉన్నది" అన్నాను.

"మంచిగనే కుట్టినవ్. సూడు, ఒక్క పోగు సుత ఊడలే" అని సంచిలోంచి బెల్టు తీసి నా ఒళ్లో వేశాడు. "సచ్చినోడిది ఫోటోకు సుత ఎవ్వడు కట్టుకోనంటున్నడు, నువ్వే ఉంచుకో." పోతూ పోతూ గడపలో ఆగి మా మరిదిని చూసి, "రేపొస్తవా? మీ అన్న ఎక్కిన స్తంభం పని సగంల ఆగింది" అన్నాడు. మరిది తల దించుకుని, వస్తానన్నాడు.

ఇప్పుడు ఆ కార్ఖానా చీరల గోడౌను అయింది. బెల్టులు భుజాలకూ తొడలకూ వచ్చాయి, ఫోటోలు కాగితం వదిలి ఫోన్లలోకి పోయాయి. అప్పట్లో ఒక ఇంట్లో చావైతే గల్లీ అంతా మగ్గాలు ఆపి నిశ్శబ్దంగా ఉండేది, ఇప్పుడు ఏ మగ్గమూ ఆగదు. ఇన్ని మారిన ఊళ్లో, ఫోటో దిగి బెల్టు విప్పేయడం ఒక్కటి ఎందుకు మారలేదో నా కొత్త అక్షరాలకు అందడం లేదు.

ఆనాడు మేస్త్రీ వచ్చిపోయిన మర్నాడు పొద్దున మరిది గిన్నె కట్టించుకోవడానికి వచ్చాడు. నేను గిన్నె ఇవ్వలేదు. వాడి నడుముకు బెల్టు చుట్టి, బకిల్ బిగించి, దబ్బనంలో నైలాను దారం ఎక్కించి, పట్టీని బకిల్‌కు కలిపి కుట్టడం మొదలుపెట్టాను, ఎవరు నవ్వినా, ఏ మేస్త్రీ కసిరినా విప్పడానికి రాకుండా. ఒకసారి దబ్బనం జారి డొక్కలో దిగింది. వాడు పళ్లు బిగబట్టాడు గాని కదల్లేదు.

"వదినె, పొద్దుమీకి ఎట్ల ఇప్పుకోవాలె?" అన్నాడు.

"కొక్కెం తగిలించుకునుడు నీ పని. ఇంటికి రా, నేనే కోస్త" అన్నాను, దారం పంటితో తెంపి.