అక్క నాకు చెప్పని మాట

పోయిన నెలలో ఒక ఉదయం, పెనం మీద దోసె ఉండగా, కుప్పం నుంచి మా బావ ఫోన్ చేశారు. "మీ అక్క పోయిందమ్మా. రెండు దినాల జరమే" అన్నారు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. ముప్పై ఏళ్లు ఆమెను చూసి కుళ్లుకున్నాను. మనిషే పోయాక అదీ పోతుందనుకున్నాను. పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను పుంగనూరుకు కోడలిగా వచ్చేసరికి బావకు కుప్పంలో ఉద్యోగం. అత్త మా దగ్గరే ఉండేది. నీళ్లు పట్టడం, వంట, అత్త మోకాళ్లకు నూనె రాయడం అన్నీ నేనే చూసుకునేదాన్ని. అక్క రెండు మూడు నెలలకొకసారి వచ్చి రెండు రోజులుండేది. ఆ రెండు రోజుల్లోనే వీధంతా ఆమెదైపోయేది. చౌడేపల్లె నుంచి పాలు తెచ్చే ఆయనతో, "నిన్న నీ పాలు గడ్డ మాదిరి తోడుకున్నాయప్పా, మా అత్త ఇంకో ముద్ద తినింది" అనేది. వీధి ఊడ్చే ఆమెను పేరు పెట్టి పిలిచి, "ఈ మలుపులో ఈరోజు ముక్కు మూసుకోకుండా వచ్చినానంటే నీ పున్నెమే" అనేది. వాళ్లు చేసిన పనిలో ఏది బాగుందో వెతికి మరీ చెప్పేది.

"ఇంత దానికి కూడా చెప్పాల్నా అక్కా?" అన్నానొకసారి.

"చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తాది?" అంది.

ఆమె వెళ్లాక పాలాయన నన్ను, "కుప్పం అమ్మ మళ్లా ఎప్పుడొస్తాది?" అని అడిగేవాడు. ఏడాది పొడవునా ఆయన ముందు గిన్నె పట్టింది నేను!

ఒకసారి అత్తకు మదనపల్లెలో ఆపరేషన్ అయింది. పది రోజులు ఆసుపత్రిలో నేనే ఉన్నాను. అక్క ఆరో రోజు వచ్చింది. సాయంత్రానికల్లా ఆయా ఆమె పక్కన కూర్చుని చిత్రాన్నం తింటోంది. "నువ్వు నేల ఆరేదాకా తుడుస్తాండావు కాబట్టే మా అత్త భయం లేకుండా కాలు కింద పెడతాండాది" అని అక్క చెబుతుంటే ఆ ఆయా మొహం వెలిగిపోయింది. ఆరు రోజులుగా చూస్తున్నా ఆమె పేరు నాకు తెలియదు. మర్నాడు అత్త డాక్టరుతో, "ఇది నా పెద్ద కోడలు, బంగారం" అంది. నేను ఆ పక్కనే బెడ్‌పాన్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

వెనక కొళాయి దగ్గర అక్క దుప్పటి పిండుతుంటే వెళ్లి అడిగేశాను. "ఆయాకి చెప్తావు, వాచ్‌మన్‌కి చెప్తావు, ఆటో ఆయనకి చెప్తావు. ఏడేండ్లుగా అత్తను సూసుకుంటాండేది నేను. నాకు ఒక్క మాటన్నా చెప్పినావా?"

అక్క దుప్పటిని ఇంకోసారి మెలితిప్పింది.

"వాళ్లకి చెప్పేది సులువు పాపా. నీకు చెప్పల్లంటే నాకు కడుపులో మండతాది."

"యాల? నేనేం చేసినాను?"

"అత్తను మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిసినానో నీకు తెలుసా? కుప్పం నీళ్లు పడవంటాది. నీ చేతి చారు లేకుంటే ముద్ద దిగదంట. నన్ను బంగారమంటాది, ఉండేది మాత్రం నీతోనే. నిన్ను సూసి నేను కుళ్లుకుంటాండా. ఇంక ఏ నోటితో చెప్పేది?"

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పిండాం. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అయినా నా అసూయ ఆగలేదు. అత్త పోయాక ఒక ఏడాది, మా ఆయన చౌడేపల్లె దారిలో మోపెడ్ మీంచి పడితే ఆ పాలాయనే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చాడు. చేతులెత్తి మొక్కాను. "కుప్పం అమ్మ మరిదిని ఆడే వదిలేసి వస్తామా?" అన్నాడు. మనిషి దక్కినందుకు ఏడుస్తూ కూడా, ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. ఆ సంగతి అక్కకు చెప్పి ఉండాల్సింది. నీ మాటలు నా ఇంటిని నిలబెట్టాయక్కా అని ఒక్కసారన్నా అనాల్సింది. ఫోన్లో దెబ్బ గురించి చెప్పాను, పాలాయన అన్న మాట మింగేశాను.

కుప్పంలో పెద్దదినం కర్మలు అయిన మర్నాడు, అక్కకు రోజూ పూలిచ్చే పూలామె బావ వాళ్ల గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరినీ పిలవలేదు. నేను వెళ్లి చెయ్యి చాచాను. మూర కనకాంబరాలు నా చేతిలో పెట్టింది. "చానా థాంక్స్‌మ్మా" అన్నాను, అలవాటు లేక తడబడుతూ.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆయమ్మ అట్ల అనదమ్మా. పూలు ఈడే పెట్టుకోని, అట్లా తిరిగి సూపిస్తాండె. నేను బాగుండాదంటేనే లోపలికి పోతాండె."

గేటు బయటికి వచ్చి జడలో పూలు తురుముకున్నాను. మెల్లగా వెనక్కి తిరిగి, వీపు ఆమె వైపు పెట్టి నిలబడ్డాను. ఆమె ఏమంటుందా అని చాలాసేపు అలాగే నిలబడ్డాను.