చీర కింద రాజధాని

బస్సు ఎడపల్లి దాటాక మా అమ్మాయి స్వప్న కిటికీలోంచి చెరకు తోటలు చూపిస్తూ, "ఇంకాసేపట్లో పోలేరమ్మను చూస్తాం రా" అని తమ్ముడితో గట్టిగా అంది. ముందు సీట్లో అప్పటిదాకా మాట్లాడుకుంటున్న ఇద్దరు యువకులు మాట ఆపేశారు. ఒకడు వెనక్కి తిరిగి మొదట పిల్లను, తర్వాత నన్ను చూశాడు. పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అంతవరకు సంతోషంగానే ఉన్నాను. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాం. మా ఆయనది నిజామాబాదే. దుకాణం వదిలి రాలేనన్నారు. బోధన్ చూడాలనుకునేవారికి బస్సులకు కొదవ లేదు. మామూలుగా గంట ప్రయాణం. చక్కెర ఫ్యాక్టరీ క్రషింగ్ రోజుల్లో మాత్రం చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుంటే ఎప్పుడు చేరతామో చెప్పలేం. పిల్లలతో వెళ్తే మంచినీళ్లు, తినడానికి ఏదైనా దగ్గరుంచుకోవాలి. మేము పులిహోర తీసుకెళ్లాం.

ప్రయాణానికి కారణం ఒక రాయి. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలవ కింద బోధన్ దగ్గర పొలం కొన్నారు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. పొలం చదును చేస్తుంటే నడుమెత్తు రాయి బయటపడింది. కూర్చున్న మనిషి ఆకారం, ముఖం అరిగిపోయింది. మా అమ్మ చూసి, తెనాలి వైపు వాళ్లు కొలిచే పోలేరమ్మ అంది. కాలవ గట్టున నిలబెట్టి, పసుపు రాసి, చీర కట్టింది. అప్పటినుంచి ఏటా కొత్త చీర, పొంగలి, కొబ్బరికాయలు. నేను పుట్టకముందు సంగతి ఇది.

ఈమధ్య బోధన్‌లో చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకాయన ఆ దారిన పోతూ ఆగి చూశారట. ఇది అమ్మవారు కాదు, జైన తీర్థంకరుడు కావచ్చు, పీఠం మీద అక్షరాలు ఉండవచ్చు, కడిగి చూద్దామన్నారట. నాన్న ఒప్పుకున్నారు. బి.ఏ.లో నేను చదివింది చరిత్రే కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు.

అక్షరాల కోసం అంత ఆత్రం ఎందుకంటే, పాత బౌద్ధ గ్రంథాలు చెప్పే అశ్మక రాజ్యానికి రాజధాని ఈ బోధనే అని ఇక్కడివారి మాట. కాదు, అది గోదావరి ఎగువన మహారాష్ట్రలో ఉండేదని కొందరు పండితులు. రాతి మీద ఊరి పేరు దొరికితే ఆ తగువు తీరుతుంది. బోధన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కితే, సరిహద్దు అవతలినుంచి సంతకు వచ్చిన మరాఠీ వ్యాపారి పక్కన కూర్చున్నాడు. మా పని విని నవ్వాడు. "రాజధాని మాది తాయి. శిస్తు మాత్రం మీరే కట్టుండ్రి" అన్నాడు. నేనూ నవ్వాను గాని, వెనక వస్తున్న మోటారు సైకిల్ మీద బస్సులోని ఆ ఇద్దరే ఉన్నారు.

మేము చేరేసరికి లెక్చరర్ గారు వచ్చి ఉన్నారు. కాసేపటికి ట్రాక్టర్ ట్రాలీలో పదిహేను మంది దాకా దిగారు. రాయి గురించి ఆయన ఉత్సాహంగా క్లాసులో చెప్పారట, అక్కడినుంచి ఊళ్లకు పాకింది. తెలంగాణ మాట మళ్ళీ ఊపందుకున్న రోజులవి. బస్సులో వెనక్కి తిరిగి చూసినవాడే వాళ్లకు పెద్ద. పేరు గంగాధర్, పక్క ఊరివాడు.

"మా రాజుల నాటి దేవునికి చీర కట్టిండ్రు గదా పెద్దాయన" అన్నాడు నాన్నతో. "గిది మా రాజధాని రాయి. మీరు తెచ్చుకున్న అమ్మోరు కాదు."

"నా పొలంలో దొరికింది బాబూ. దిక్కులేక పడుంటే దీపం పెట్టాం."

"పొలం గూడ నీదే అంటవ్. గీ మడిల మా తాత నాగలి దున్నిండు. అగ్గువ ధరకు కొన్నరు, ఊరి పేరు తీసేసి క్యాంపు అని పెట్టుకున్నరు."

ఆ చోటికి వేరే పేరు ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

చీర తానే విప్పుతానంది అమ్మ. మగవాళ్లను అటు తిరగమంది. అందరూ తిరిగారు, గంగాధర్ కూడా. తర్వాత కాలవ నీళ్లు పోసి కొబ్బరి పీచుతో రుద్దారు. పసుపు పెచ్చులుగా ఊడింది. పద్మాసనంలో కూర్చుని, ఒడిలో చెయ్యి మీద చెయ్యి పెట్టుకున్న దిగంబర పురుషుడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

లెక్చరర్ గారు మోకాళ్ల మీద కూర్చుని పీఠాన్ని వేళ్లతో తడిమారు. ఒక అంచున రెండు అక్షరాలు మిగిలాయి. తక్కిన వరుసంతా చితికిపోయి ఉంది. ఏటా మేము కొబ్బరికాయలు కొట్టింది సరిగ్గా అక్కడే.

"ఊరి పేరుంటే ఇక్కడే ఉండాలి" అన్నారాయన.

"కావాల్ననే పగలగొట్టిండ్రు" అని వెనక ఎవరో అన్నారు. కాదు నాయనా అంటూ నాన్న ముందుకు వచ్చి రాయి మీద చెయ్యి వేశారు. ఎవరు తోశారో నేను చూడలేదు. ఆయన పిల్లకాలవ సిమెంటు అంచు మీద పడ్డారు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. స్వప్న ఏడవలేదు, చూస్తూ నిలబడింది. గంగాధర్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తర్వాత మొహం తిప్పుకుని, రాయిని ట్రాలీ ఎక్కించమన్నాడు. బడిలోనైనా భద్రంగా పెట్టండని లెక్చరర్ గారు ట్రాక్టర్ వెంట నడుస్తూ బతిమాలారు. ఎక్కడికి తీసుకుపోయారో ఇప్పటికీ మాకు తెలియదు.

నాన్న పొలంలో ఏళ్లుగా పనిచేసే లక్ష్మవ్వ తువ్వాలుతో ఆయన మణికట్టు కట్టింది. ఆమెది గంగాధర్ ఊరే. "మేము గూడ పోచమ్మ అనుకొని మొక్కినం బిడ్డా" అంది నాతో. "మమ్ముల ఒక్కలన్న అడిగిండ్రా?"

మూడింటికి బోధన్ నుంచి తిరుగు బస్సు దొరికింది. అమ్మ రాలేదు. ఇల్లు తాళం వేసి ఉంటే రేపు ఇల్లు కూడా అడుగుతారంది. నాన్నను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఏమైందని కండక్టరు అడిగితే జారి పడ్డానన్నారు. దారంతా కొట్టేసిన చెరకు మోళ్లు, కాలుస్తున్న ఆకు పొగ. బోధన్‌లో కోట దిబ్బ చూడదగ్గదని విన్నాను. ఇంత దగ్గర పుట్టి పెరిగి నేను చూడలేదు, ఇక చూస్తానన్న నమ్మకం లేదు. వెళ్లేవారు వెళ్లండి. అది ఎవరి రాజధాని అని మాత్రం అక్కడ ఎవరినీ అడక్కండి.

నిజామాబాద్‌లో దిగి నేరుగా ఆస్పత్రికి వెళ్లి కట్టు కట్టించాం. మా ఆయన వచ్చి అంతా విని, కేసు పెడదామా అని అడిగారు. మీ అత్తగారు అక్కడ ఒక్కతే ఉంది బాబూ అన్నారు నాన్న.

మర్నాడు పొద్దున బడికి పంపే ముందు పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. తాతయ్య కాలు జారి పడ్డారని చెప్పాను. మీ అమ్మమ్మ వాళ్లది ఏ ఊరని ఎవరడిగినా నిజామాబాదే అనమన్నాను. అమ్మమ్మ క్యాంపులోనే ఉంది కదా అంది స్వప్న. ఉన్నా సరే, అలాగే చెప్పమన్నాను.