క్లాంపు కింద పసుపు

నా చిన్నప్పుడు మా ఊరంతటికీ కారు ఒక్కటే ఉండేది. పక్కింటి డ్రైవర్ మావయ్య నడిపే పాత టాక్సీ అది. మండపేట దగ్గర మా పల్లె. పెళ్ళికైనా పురుడికైనా ఆ కారుకే కబురు వెళ్ళేది. అది మొరాయించిందంటే వాళ్ళింట్లోకన్నా మా ఇంట్లోనే ఎక్కువ బెంగ, ఎందుకంటే మా అమ్మమ్మకి బస్సు పడదు, వాంతులు.

ఆ ఏడు వానలకి బస్సులు ఆగిపోయాయి, కారూ వారం రోజులు కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. సరిగ్గా అప్పుడే మా పిన్నికి రాజమండ్రి నుంచి ఉత్తరం వచ్చింది, నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకి పొద్దున్న పదింటికల్లా రమ్మని. పెళ్ళైన రెండేళ్ళకే మా పిన్ని భర్త పోయాడు. అప్పటినుంచి ఆవిడ మా ఇంట్లోనే ఉండేది, మాట తక్కువ, పని ఎక్కువ. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. అంటే ఆ రోజు వెళ్తే వెళ్ళినట్టు, లేకపోతే జన్మంతా మా వంటింట్లోనే. ఈ సంగతి నాకు తొమ్మిదేళ్ళకే బాగా తెలుసు, పెద్దవాళ్ళు నా ముందు అన్నీ మాట్లాడేవారు మరి.

మావయ్య ఇంటర్వ్యూ ముందురోజే బ్యాటరీని మండపేటలో ఛార్జింగుకి ఇచ్చి, తెల్లారేసరికి తెచ్చి బానెట్ కింద కూర్చోబెట్టాడు. తీగల చివర ఉండే పట్లని, ఆయన భాషలో క్లాంపుల్ని, ఊరికే తగిలించి స్పానరు కోసం ఇంట్లోకి వెళ్ళాడు. మా ఇంట్లో ఏ కొత్త వస్తువొచ్చినా, ఏ బండి బయల్దేరినా పసుపూ బొట్టూ పడాల్సిందే. ఆ పని నాది. అమ్మమ్మ గిన్నెలో పసుపు తడిపి చేతికిచ్చింది.

బ్యాటరీ మూత మీద బొట్టు పెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు. క్లాంపుల సందులోంచి బ్యాటరీ రెండు సీసపు మొనలూ పీట మీద కూర్చోబెట్టిన పసుపు గణపతుల్లా కనిపించాయి నా కళ్ళకి. పిన్ని పని కావాలని నాకూ ఉంది. దేవుడికి అరకొరగా పెడితే ఫలితం కూడా అరకొరగానే ఉంటుందనుకున్నాను. క్లాంపులు పైకి లేపి, మొనలకి చుట్టూ దట్టంగా పసుపు మెత్తి, మళ్ళీ ఎప్పట్లా దించేశాను. మావయ్య వచ్చి, మూత మీది బొట్టుని కళ్ళకద్దుకుని, నట్లు బిగించేశాడు.

సెల్ఫ్ కొడితే టక్‌మంది, అంతే. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ టక్. వీధిలో నలుగురూ కలిసి తోస్తే స్టార్టయింది. అప్పటికే ఎనిమిది దాటింది. వెనక సీట్లో పిన్ని, పక్కన నేను, నా ఒళ్ళో ఆవిడ సర్టిఫికెట్ల కవరు. దారంతా కారుకి గాలి సోకినట్టే ఉంది. హారన్ కొడితే మూలిగేది. యాక్సిలేటర్ తొక్కితే ముందు దీపాలు భగ్గుమనేవి, కాలు తీస్తే కునికేవి. చినుకు పడితే వైపరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. మావయ్య మెడ వెనక చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

కడియం చేరబోతుండగా రైలు గేటు పడింది. కారు ఆగింది, కాసేపు వణికింది, ఇంజను ఆగిపోయింది. గేటు లేచాక వెనక కడియం నర్సరీల మొక్కల లారీలవాళ్ళు ఒకటే హారన్లు. ఆఖరికి వాళ్ళే దిగి మమ్మల్ని పక్కకి తోసి వెళ్ళిపోయారు. పిన్ని చేతి వాచీలో తొమ్మిదికి పావుగంట తక్కువ.

మావయ్య ఫ్యూజులు తీసి తుడిచాడు. తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. పిన్ని ఏడవలేదు, పెదాలు మాత్రం తెల్లగా అయిపోయాయి. దాదాపు అరగంట అలా గడిచాక మావయ్య తల ఎత్తి, "అమ్మడూ, పొద్దున్న ఈ క్లాంపులు ఎవరైనా కదిపారా?" అని అడిగాడు.

లేదన్నాను. అడగ్గానే, తడుముకోకుండా అనేశాను. అంతవరకూ నాది తెలియనితనం, ఆ క్షణం నుంచీ దొంగతనం. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ డైనమో దగ్గరికి వంగాడు. నోరు తెరవాలని ఎంతగా అనుకున్నానో! పిన్ని మొహం చూసి తల తిప్పేసుకున్నాను.

మరో పావుగంటకి ఆయన నన్ను స్పానరు అందించమన్నాడు. అందుకుంటూ నా చెయ్యి చూశాడు. బొట్టు పెట్టేది ఉంగరం వేలితో. నాకు అయిదు వేళ్ళకీ పసుపు, దాని మీద క్లాంపుల నల్ల జిడ్డు. ఆయన నా వంక చూశాడు, నట్టు విప్పి క్లాంపు పైకి తీశాడు. లోపల పసుపు ముద్ద, కరెంటుకి అడ్డంగా. చాకుతో మొనలు గీకాడు, గుడ్డతో తుడిచాడు, బిగించాడు.

"ఏంటండీ అన్నయ్యగారూ, ఏం దొరికింది?" అంది పిన్ని కిటికీలోంచి.

"ఆయ్, తుప్పండమ్మా. వానలు కదా," అన్నాడాయన.

సెల్ఫ్ ఒక్క దెబ్బకి అందుకుంది. బానెట్ దించుతూ నాకొక్కదానికే వినబడేలా అన్నాడు: "పసుపు రాసినందుకు నేనేం అననమ్మడూ. అడిగినప్పుడు చెప్పుంటే పావుగంట మిగిలేది మీ పిన్నికి. నేను చెప్పను. నువ్వే చెప్పు." తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రాజమండ్రి చేరేసరికి పది దాటింది. పిన్ని పేరు పిలవడం అప్పటికే అయిపోయింది. గుమ్మం దగ్గర ఆవిడ చేతులు జోడించి నిలబడడం నేను కారులోంచి చూశాను. అంతకుముందెప్పుడూ ఆవిడ ఎవరి ముందూ అలా నిలబడలేదు. ఆ పావుగంట నాదే. చివరికి అందరి తర్వాత లోపలికి రానిచ్చారు, సీటూ వచ్చింది.

పిన్ని నర్సై, ఎన్ని వందల పురుళ్ళు పోసిందో. నేను మాత్రం చెప్పలేదు. సీటొచ్చిన రోజు చెబుదామనుకున్నాను, సంతోషం పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నాను. నా పెళ్ళిలో అనుకున్నాను, మావయ్య పోయినప్పుడు అనుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది.

కిందటేడు పిన్ని మంచాన పడ్డప్పుడు ఆవిడ బీరువా సర్దుతుంటే ఆ సర్టిఫికెట్ల కవరు బయటపడింది. మూల మీద అయిదు చిన్న వేలిముద్రలు, వెలిసిన పసుపు రంగులో, మధ్యలో నల్లగా. నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఆ రోజు దార్లోనే చూశానే. తుప్పు కాదని గేటు దగ్గరే తెలిసింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను," అంది పిన్ని.

మంచం పట్టె మీద కూర్చుని, అరవై దాటిన దాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను. అప్పుడు చెప్పాను, గిన్నెలో పసుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం. పిన్ని చివరిదాకా విన్నది.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ ఆగినా, మనవడి కారు మొరాయించినా, మెకానిక్కు అడక్కముందే నా చెయ్యి ఎక్కడెక్కడ తగిలిందో చెప్పేస్తాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. పిన్ని ఈ మధ్యనే పోయింది. ఆ కవరు నా దగ్గరే ఉంచుకున్నాను.