కుట్టు లేని వీపు

నర్సీపట్నంలో కోటవురట్ల బస్సెక్కాక, నడుముకి బెల్టుతో నిలబడ్డ ఒకమ్మాయికి నా సీటిచ్చాను. వెనకే ఉన్న వాళ్ళత్తగారు దర్జాగా అందులో కూర్చుంది. పైగా బియ్యం సంచీ కోడలి చేతికే ఇచ్చింది.

"ఆ అమ్మాయికి బాగోలేదేమో," అన్నాను, ఒళ్ళు మండి.

"దానికేటండీ! ఎన్నుపూసలో గడ్డన్నారు. మెడ్రాసు తీసుకెళ్తే కొయ్యనే నేదు. ప్రోటాన్ రేడియేషనంట, మిషన్ కింద పడుకోబెట్టి, గడ్డ మీద కిరణాలేవో కొట్టి పంపేసారు. ఒక్క కుట్టు నేదు. కుట్టు నేని జబ్బేటి? పని తప్పించుకోడానికి ఏసాలు!"

"కోస్తే కాళ్ళు పడిపోతాయన్నారండీ," అందా పిల్ల నాతో, మెల్లిగా.

"అదిగో, మళ్ళీ మొదలెట్టింది," అని అత్తగారు నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

నేను దిగుతుంటే ఆ పిల్ల సంచీ చెయ్యి మార్చుకుంది.

"కోసేసినా బాగుణ్ణండీ," అంది. "సూపించుకోడానికి మచ్చయినా ఉండేది."